పాలకోడు దారిలో ఆవిరి కాని తొట్టి

ధర్మపురికి పోతున్నానని చెబితే మా వీధిలో ముగ్గురు నా చేతిలో ముడుపులు పెట్టబోయారు. వాళ్ళనుకున్నది గోదావరి ఒడ్డున నరసింహస్వామి వెలసిన ధర్మపురి. నేను పోయింది తమిళనాడులో, కృష్ణగిరికీ సేలానికీ నడుమ ఉన్న ధర్మపురికి. "అక్కడ ఏ స్వామి ఉన్నాడమ్మా?" అని పక్కింటి సుబ్బలక్ష్మిగారు అడిగితే, "స్వామి సంగతి పోయి చూసి చెబుతాను కానీ, మావారి తొట్టి మాత్రం ఒకటి ఉంది" అన్నాను. ఆవిడ నవ్వి ముడుపు లోపలికి తీసుకుపోయింది.

తొట్టి మాట కొంచెం వివరంగా చెప్పాలి. మావారు తిరుపతిలో విశ్వవిద్యాలయంలో గాలి, వాన, ఎండల శాస్త్రం చెబుతారు. జపానులోని ఒక విశ్వవిద్యాలయమూ వీళ్ళూ కలిసి ఒక పనికి పూనుకున్నారు. వానలు రాకముందు ఎండాకాలంలో నేల మీది నీరు ఎంత ఆకాశానికి ఎక్కుతుంది, అది ఎక్కడ మబ్బు కడుతుంది అన్నది వాళ్ళు తేల్చుకోవాలి. అందుకని రెండు దేశాల్లోనూ ఒకే కొలతతో రేకు తొట్లు పెట్టారు. ఒక్కొక్కటి బండిచక్రమంత వెడల్పు, జానెడు లోతు. కాకులు తాగకుండా పైన ఇనుపవల. లోపల ఒక ముల్లు నిలబెట్టి ఉంటుంది. దాని మొన దాకా నీళ్ళు పోసి వదిలేస్తారు. మర్నాడు పొద్దున ఎంత తగ్గితే అంత నీరు కొలిచి పోసి, ఆ కొలత రాసుకుంటారు. అక్కడి కొలతలు ఇక్కడికి, ఇక్కడివి అక్కడికి పోతాయి. ఇంత చిన్న పనికి రెండు దేశాల ఒప్పందమా అని నేనొకసారి అంటే మావారు రెండు పూటలు మాట్లాడలేదు.

చిక్కంతా పాలకోడు పక్క పల్లెలో పెట్టిన తొట్టితో వచ్చింది. మాఘమాసంలో పెట్టారు. వైశాఖం వచ్చినా అందులో నీరు తగ్గలేదు. ఎండలకు రాళ్ళు పగులుతున్నాయి, తొట్టి మాత్రం నిండుగా ఉంటుంది. జపాను నుంచి హరుకో అనే ఆవిడ స్వయంగా చూడడానికి వచ్చారు. ఆమె సరేనంటే తొట్టి అక్కడే ఉంటుంది. లేకపోతే ఆ చోటును ఒప్పందంలోంచి కొట్టేసి కర్ణాటక వైపు మార్చేస్తారు. పడమటి వాన, తూర్పు వాన రెండూ అరకొరగా అందే ఆ మెట్టనేల కొలత లేకపోతే తన పని సగమేనని మావారి పట్టుదల. రెండు దేశాల పెద్దలతో వాదించి తెచ్చుకున్న చోటు అది.

హరుకోగారు దిగవలసింది పల్లెలో ఒక తెలుగువాళ్ళ ఇంట్లో. "ఆడమనిషి తోడుంటే బాగుంటుంది, నువ్వూ రా" అన్నారు మావారు. నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాన్నగారు ఇంట్లోనే తెలుగూ లెక్కలూ, ఒక పాత వాచకంతో కాస్త ఇంగ్లీషూ నేర్పారు. ఆయన పుణ్యాన ఈ ప్రయాణంలో నా నోరు మూగబోలేదు. ఆ ఋణం తలుచుకుని, ఏడుకొండలవాడికి దణ్ణం పెట్టి జీపెక్కాను.

కృష్ణగిరి దాకా

హరుకోగారికి ముప్పై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, తలకు గుడ్డటోపీ. ఆమె ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ అరువువే కావడంతో ఇద్దరం ఒకరికొకరం బాగా అర్థమయ్యాం. గబగబా మాట్లాడే మావారే మాకు అర్థం కాలేదు.

చిత్తూరు దాటి వేలూరులో ఇడ్లీకీ కాఫీకీ ఆగాం. ఇత్తడి గ్లాసులో, చల్లార్చుకునే డబరాతో పాటు, పొగలు కక్కే కాఫీ అర్ధరూపాయి. మా ఊళ్ళో అంత నురగ రావాలంటే ఇంకా ఇచ్చుకోవాలి. హరుకోగారు ఒక గుక్క తాగి, డబరా పక్కవాళ్ళకు పంచడానికి అనుకుని, సగం కాఫీ డబరాలో వంచి నాకు అందించారు. నేను అందుకుని తాగేశాను. ఇచ్చిన చెయ్యి మంచిదైతే ఎంగిలేముంది?

కృష్ణగిరిలో మామిడికాయలు అప్పుడే దిగుతున్నాయి. ఒక ముసలాయన చెట్టుకింద గోనెపట్టా పరిచి కూర్చున్నాడు. కాయ కొనకముందే ఒక ముక్క కోసి చేతిలో పెడతాడు. నచ్చకపోతే లేచి పోవచ్చు. మా తిరుపతి అంగళ్ళలో ముక్క అడిగితే, "కొనేటట్టయితే అడుగు" అంటారు. హరుకోగారు ముక్కను రెండు చేతులతో అందుకుని, కళ్ళు మూసుకుని, తన భాషలో ఏదో ఒక్క మాట అనుకుని తిన్నారు. ఏమన్నారని అడిగాను. ఈ ఆహారాన్ని మనదాకా తెచ్చిన అందరికీ దణ్ణం అట. ప్రతి ముద్దకూ కాదు కానీ ప్రతి పూటా అంటారట. అంత దూరపు దేశంలోనూ అన్నానికి దణ్ణం పెట్టే మనుషులున్నారని తెలిసి నాకు లోపల దీపం పెట్టినట్టయింది.

పాలకోడులో వంగిన నడుములు

ధర్మపురిలో రాత్రి నిద్ర చేసి, పొద్దున కోట గుడిలో స్వామిని చూసుకుని, పాలకోడు చేరేసరికి టమాటా మండీ మంచి జోరు మీద ఉంది. ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు, బస్సు టాపుల మీద గంపలు. ఎర్రగా ఊరు ఊరే పండినట్టుంది. ఆ రోజు ధర పడిపోయింది. తిరుపతిలో కిలోకు ఇచ్చే డబ్బుకు అక్కడ గంప ఇస్తామన్నారు. కొనే నాకు సంతోషమే కానీ, ఒక రైతు అమ్మకుండానే గంప తిరిగి బండిలో పెట్టుకోవడం చూసి బేరమాడడానికి నోరు రాలేదు. అడిగినంత ఇచ్చాను. అతను పైన ఇంకో దోసెడు పోశాడు.

హరుకోగారు అతనికి కృతజ్ఞతగా నడుము వంచారు. అతనూ మర్యాద తెలిసినవాడు, వంగాడు. అతను వంగాడని ఆమె మళ్ళీ వంగారు. ఆమె వంగారని అతను మళ్ళీ. ఇది ఎక్కడ ఆగుతుందో తెలియక చుట్టూ జనం మూగారు. చివరకు ఒక గంపలామె, "ఒరే మునిసామీ, నడుము పట్టుకుంటే ఎవురు మోసేది గంప? చాలించు" అంటే అంతా నవ్వారు. ఆ గుంపులో మూడు మాటల్లో రెండు తెలుగే వినబడ్డాయి. ఇళ్ళల్లో తెలుగూ, అంగట్లో తమిళమూ అట. తరతరాలుగా అంతే. మన అక్షరాలు మాత్రం చదవలేరు.

గౌరమ్మ వాకిలి

పల్లె పాలకోడుకూ మారండహళ్ళికీ మధ్య, రోడ్డు నుంచి లోపలికి. మేము దిగవలసిన గౌరమ్మ ఇల్లు పెంకుటిల్లు. ముందు విశాలమైన వాకిలి, మునగచెట్టు, ఆ పక్కన ఎండలో మా తొట్టి. గౌరమ్మ నా ఈడుదే, ఎత్తుగా, గట్టిగా ఉంది. రాగానే మంచినీళ్ళిచ్చి పలకరించింది.

"రాండక్కా, రాండి. దారి బాగుండెనా? ఈ పాపేనా జపాను పాప? ఇంత సన్నంగా ఉండాదే, వాళ్ళ ఊర్లో అన్నం పెట్టరా?"

నేను తర్జుమా చేయలేదు. హరుకోగారు మాత్రం గొంతును బట్టి మంచిమాటేనని గ్రహించి చెప్పులు గడప బయట విడిచి, వాటిని తిప్పి వరసగా పెట్టి లోపలికి వచ్చారు. గౌరమ్మ అది చూసి నా వైపు తిరిగి, "పెంపకం తెలిసిపోయె" అంది.

భోజనానికి రాగిసంగటి, ఉలవచారు, మండీలో కొన్న టమాటాలతో పచ్చడి. మా వైపు సంగటిలో బియ్యం కలుపుతాం. ఇక్కడ ఒట్టి రాగిపిండే. నమలకూడదు, ముద్దగా మింగాలి. హరుకోగారు నమిలారు. ఎంత నమిలినా తరగదు. గౌరమ్మ అత్త, పళ్ళులేని ముసలావిడ, ఎదురుగా కూర్చుని మింగి చూపించింది. మూడో ముద్దకు హరుకోగారికి కిటుకు పట్టుబడింది.

తర్వాత ఊరి బడి వాద్యారు వచ్చాడు. రోజూ తొట్టి కొలిచేది ఆయనే. ఆయనది తమిళం, మావారితో అదీ ఇంగ్లీషూ కలిపి మాట్లాడాడు. ఛాతీ విరుచుకుని, "ఒక్క చుక్క తగ్గలేదు సార్. మేము జాగ్రత్తగా చూసుకుంటున్నాం" అన్నాడు. మావారు నెత్తి పట్టుకున్నారు. నీరు తగ్గకపోవడం తమ ఊరికి గొప్ప అని ఆయన నమ్మకం.

"కొంచెం కష్టం"

హరుకోగారు తొట్టి చుట్టూ తిరిగారు. అడుగు నుంచి నీరు ఊరుతోందేమో చూశారు, రేకు తట్టి చూశారు, పక్కన ఉన్న ఉష్ణమాపకం చూశారు. దాని లెక్కలో ఎండ మండిపోతూనే ఉంది. తర్వాత పళ్ళ సందుల్లోంచి గాలి లోపలికి పీల్చి, మావారితో మెల్లగా, "ఈ చోటు... కొంచెం కష్టం" అన్నారు.

మావారు ఊపిరి పీల్చుకున్నారు. నా దగ్గరికి వచ్చి, "చూశావా, కొంచెమే కష్టమట. సర్దుకుంటుంది" అన్నారు.

"అది కాదండీ. ఆమె కాదంటోంది" అన్నాను.

"ఆ మాట ఎక్కడంది?"

"నిన్న వేలూరులో ఇంకో ఇడ్లీ వేయమంటారా అని అడిగినప్పుడు కూడా కొంచెం కష్టమే అంది. ప్లేటు పక్కకు తోసేసింది కూడా."

మావారు మునగచెట్టు కింద మంచం మీద కూర్చుండిపోయారు. ఆయన అట్లా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం నేను ఎక్కువసార్లు చూడలేదు. హరుకోగారు పల్లెకు వచ్చిన మూడోరోజు మధ్యాహ్నం బయల్దేరి, బెంగుళూరు పోయి విమానం ఎక్కాలి. ఆమె తన ఊళ్ళో దిగేలోపు ఈ చోటు ఉంటుందా పోతుందా అన్నది తేలిపోతుంది. నాకు శాస్త్రం తెలియదు. కానీ ఎండకు నీరు తగ్గకపోవడం దేవుడి పని కాదని మాత్రం తెలుసు. ఎండను ఇచ్చినవాడు దానికి దప్పికను కూడా ఇచ్చే ఉంటాడు. కాబట్టి ఇది మనిషి పనే. మనిషి పనైతే అడిగి తెలుసుకోవచ్చు.

బిందె పట్టుకుని గౌరమ్మ

మర్నాడు తెల్లవారకముందే లేవడం నా అలవాటు. స్నానం చేసి, వసారాలో కూర్చుని స్తోత్రం చదువుకుంటున్నాను. గౌరమ్మ వాకిలి ఊడ్చింది, పేడనీళ్ళు చల్లింది, ముగ్గు పెట్టింది. తర్వాత బిందె చంకన పెట్టుకుని తిన్నగా తొట్టి దగ్గరికి పోయి, వల మీదుగా నీళ్ళు వంచింది. వంగి ముల్లు మొన చూసుకుంది. ఇంకో చెంబెడు పోసింది.

నా స్తోత్రం అక్కడే ఆగింది.

"గౌరమ్మా, ఏం చేస్తున్నావు?"

"కనపడలేదా అక్కా? నీళ్ళు పోస్తాండాను."

"రోజూ పోస్తావా?"

"రోజూనే. నాకు జొరమొచ్చిన దినం మా అత్తతో పోయించినాను. పాపం, సగం బిందె కాలి మీదే పోసుకునె."

"ఎందుకు పోస్తున్నావు?"

ఆమె నన్ను వింతగా చూసింది. "ఏమిటికి అని అడుగుతావేమక్కా? గిన్నె మీది. సారు నా వాకిట్లో పెట్టినప్పుడు నిండా నీళ్ళతో పెట్టి పోయినాడు. రేపు తీసుకుపోను వస్తే కొరతతో ఇచ్చేది మర్యాదేనా? మీ ఊర్లో పక్కింటి గిన్నె తెచ్చుకుంటే ఖాళీగా తిరిగిస్తారా?"

"ఇవ్వము" అన్నాను. నిజమే. గుప్పెడు బియ్యమో, బెల్లం ముక్కో వేయకుండా మా అమ్మ ఎవరి గిన్నె తిరిగి పంపేది కాదు.

"మరి? ఇదీ అంతే. గిన్నె పెద్దదని మర్యాద మారతాదా?"

"బావిలో నీళ్ళున్నాయా ఈ ఎండల్లో?"

"అడుక్కు పోయినాయి. చేంతాడుకు ఇంకో తాడు ముడేసినాను. తోటకు చాలకపోయినా దీనికి మాత్రం తక్కువ చేయలేదు, ఆ దేవుడి మీద ఆన."

వాద్యారు ఎండెక్కాక వస్తాడు. వచ్చి చూస్తే ముల్లు మునిగే ఉంటుంది. ఆయన సంతోషపడి సున్నా రాస్తాడు. ఆయన సంతోషం చూసి ఈమె సంతోషపడుతుంది. నాకు నవ్వూ వచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. తన మొక్కలు ఎండబెట్టుకుని మా తొట్టి నింపిన మనిషిని ఏమనాలి? ముందు చేతులు జోడించాను. ఆ తర్వాత విషయం చెప్పాను: నీరు తగ్గాలనే పెట్టాం, ఎంత తగ్గిందో చూడడానికే పెట్టాం అని.

గౌరమ్మ బిందె దించింది. "ఆ మాట సారు ముందే చెప్పకూడదా?"

చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. తొట్టిని ముట్టుకోవద్దని వాద్యారుకు చెప్పారు. తొట్టి ఎవరి వాకిట్లో ఉందో ఆమెకు చెప్పాలని రెండు దేశాల్లోనూ ఎవరికీ తోచలేదు.

"ఇంక పోయకుండా ఉంటావా?" అన్నాను.

ఆమె బిందె మూతి కొంగుతో తుడిచింది. "నీతో అబద్ధం ఎందుకక్కా. సరే అంటాను. పొద్దున లేస్తే ఎవరిదో గిన్నె నా వాకిట్లో కొరతగా కనపడితే నా చెయ్యి ఊరుకోదు."

హరుకోగారి అమ్మమ్మ

హరుకోగారు లేచి ముఖం కడుక్కున్నాక జరిగింది జరిగినట్టు చెప్పాను. నా వాచకంలో ఉన్న మాటలు అయిపోతే చేతులతో చెప్పాను. మావారు పక్కన నిలబడి పెదవి కొరుక్కుంటున్నారు.

హరుకోగారు కోపం తెచ్చుకోలేదు. ఎందుకు పోసింది అని మాత్రం రెండోసారి అడిగారు. రెండోసారీ చెప్పాను. అప్పుడామె ముఖం చిన్నపిల్ల ముఖంలా అయింది. వాళ్ళ అమ్మమ్మ కూడా ఎవరి గిన్నె ఖాళీగా తిరిగి ఇచ్చేది కాదట. పండో, పచ్చడో వేసేది. ఇంట్లో ఏమీ లేని యుద్ధపు రోజుల్లో అయితే ఒక అగ్గిపెట్టె పెట్టి పంపేదట. వీధిలో అందరి గిన్నెలూ అట్లాగే తిరిగేవట.

ఇది గౌరమ్మకు చెబితే, "చూసినావా, ఆ ఊర్లోనూ మనుషులే ఉండేది" అంది.

హరుకోగారు కాసేపు తొట్టి వైపే చూసి, మావారిని ఒక ప్రశ్న అడిగారు. ఈ తొట్టి ఎవరిది? జపాను వాళ్ళు పంపినది, రెండు విశ్వవిద్యాలయాలదీ అన్నారు మావారు. "అయితే మా సగం మేము గౌరమ్మకు ఇచ్చేయవచ్చు" అన్నారు ఆమె.

మావారు తడబడ్డారు. "ఇవ్వడమంటే... స్టాకు పుస్తకంలో ఏమని రాయాలి?"

"ఉన్నదే రాయండి. గౌరమ్మ వాకిట్లో ఉంది అని" అన్నాను నేను.

ఆయన నా వైపు చూశారు. ఆ చూపు బాగా తెలిసినదే. నాకు కోపంగా ఉంది కానీ నువ్వన్నది సరే అన్న చూపు.

జపాను వాళ్ళు ఏ వస్తువైనా రెండు చేతులతో ఇస్తారు. బండిచక్రమంత తొట్టిని రెండు చేతులతో ఎట్లా ఇవ్వడం? హరుకోగారు తొట్టి అంచు మీద రెండు అరచేతులూ ఆనించి, నడుము వంచి నిలబడ్డారు. నేను పసుపు కుంకుమ, తమలపాకు నేల మీద పెట్టాను, నీళ్ళలో పడకుండా. గౌరమ్మ చేతులు తుడుచుకుని అవతలి అంచు పట్టుకుంది.

"మాటకు ఇచ్చి రేపు తీసుకుపోరు కదా సారూ?" అంది.

"పని అయిపోయినా తీసుకుపోము. ఇది మీదే" అన్నారు మావారు.

"అట్లయితే నా గిన్నె. ఎండితే ఎండుతుంది, నిండితే నిండుతుంది. నన్నడిగేదానికి ఎవరికీ పనిలేదు."

"అదే మాకు కావలసింది" అన్నాను.

వెనకటి సున్నాలన్నీ కొట్టేయవలసిందే. మాఘం నుంచి రాసిన పని నీళ్ళపాలు. ఆ మాట మావారే అన్నారు, అని తానే నవ్వారు. రేపు పొద్దున తగ్గితే చాలు అన్నారు హరుకోగారు. తగ్గకపోతే మాత్రం మళ్ళీ "కొంచెం కష్టం" అనకుండా కాదనే చెబుతానన్నారు. మేమిద్దరం నవ్వాం.

మూడోరోజు పొద్దున

ఆ రోజు అందరం తొందరగానే లేచాం. ఎవరూ వాకిట్లోకి రాలేదు, వసారాలోనే కూర్చున్నాం. గౌరమ్మ ఊడ్చింది, చల్లింది, ముగ్గు పెట్టింది. బిందె ఎత్తుకుంది. అలవాటు కొద్దీ కాళ్ళు తొట్టి వైపే పోయాయి. దగ్గర నిలబడి లోపలికి తొంగి చూసింది. మావారు నా పైటకొంగు పట్టుకున్నారు, ఆ సంగతి ఆయనకు తెలియదు.

గౌరమ్మ బిందె అట్లాగే పట్టుకుని కొంతసేపు నిలబడింది. తర్వాత పక్కకు తిరిగి, మొత్తం మునగచెట్టు మొదట్లో పోసేసింది. ఎండిపోయిన మట్టి గుటకలు వేసినట్టు చప్పుడైంది.

ఎండెక్కాక వాద్యారు వచ్చాడు. తొట్టిలోకి చూసి ముఖం వాడిపోయింది. "తగ్గిపోయింది సార్" అన్నాడు, ఏదో పోగొట్టుకున్నట్టు. కొలపాత్రతో నీళ్ళు పోశాడు. మళ్ళీ పోశాడు. ముల్లు మొన తడిసేసరికి మావారు లేచి వెళ్ళి ఆయనను కౌగిలించుకున్నారు. పాపం, ఆ మనిషి దేనికో తెలియకుండానే కౌగిలించుకోనిచ్చాడు. హరుకోగారు గౌరమ్మకు నడుము వంచారు. పాలకోడు మండీ గుర్తొచ్చి, గౌరమ్మ తిరిగి వంగకుండా నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

బయల్దేరేటప్పుడు గౌరమ్మ తన ఇత్తడి చెంబు నిండా వేరుశనగ ఉండలు పెట్టి, మూతిమీద గుడ్డ కట్టి హరుకోగారి చేతిలో పెట్టింది. "గిన్నె ఇచ్చిన పాపను ఒట్టి చేతులతో పంపితే మా అత్త ఊరుకుంటాదా?" అంది. వద్దనడం హరుకోగారికి కొంచెం కష్టమైంది. తీసుకున్నారు.

తిరుపతిలో

మేమొచ్చి చాలా నెలలైంది. పాలకోడు తొట్టి కొలతలు రోజూ వస్తున్నాయి, వానకారులో తక్కువ, ఎండకారులో ఎక్కువ. ఒప్పందంలో ఆ ఊరి పేరు నిలిచింది. మావారి గొంతులో పాత దర్జా తిరిగి వచ్చింది.

మొన్న జపాను నుంచి హరుకోగారి సహచరుడొకాయన మా విశ్వవిద్యాలయానికి వచ్చి, నాకని ఒక గుడ్డమూట ఇచ్చాడు. విప్పితే గౌరమ్మ చెంబు. అద్దంలా తోమి ఉంది. మూతిమీది గుడ్డ తీస్తే లోపల ఒక అగ్గిపెట్టె.

గుడ్డ మళ్ళీ అట్లాగే కట్టి, దేవుడి గూట్లో పెట్టాను. వచ్చే వారం మావారు పాలకోడు పోతున్నారు. చెంబు ఆయనతో పంపవచ్చు కానీ, నేనే పట్టుకుపోతాను. అగ్గిపెట్టె హరుకోగారిది. మా ఇంటి నుంచి పోయే చెంబులో మా ఇంటిది కూడా ఏదైనా ఉండాలి కదా. కొండ మీద నుంచి ఒక లడ్డు తెప్పించి పెట్టాను.